అన్ని సీసాలూ ఒకే రోజు

గతవారం వెర్నా లర్వీని పడవ మీద, చేతిలో తాడుతో, నోట్లో తిట్టుతో వదిలిపెట్టాం. మొగుడు ఎల్‌వుడ్ గుండెకు మూడు రకాల మాత్రలు. మూడు సీసాలూ మూడు వేరువేరు తేదీల్లో అయిపోతాయి. బీమా కంపెనీ ఏ మందైనా నెలకు సరిపడానే ఇస్తుంది, సీసా అడుగు కనిపించేదాకా కొత్తది ఇవ్వనివ్వదు. టర్న్‌స్టోన్ దీవిలో మందుల షాపు లేదు. అందుకని నెలకు మూడుసార్లు వెర్నా పడవ వేసుకుని కోల్బీ రేవుకు రావాలి, సముద్రం ఎలా ఉన్నా సరే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, త్వరగా అయిపోయే మందులు నాలుగేసి మాత్రలు విడిగా ఇచ్చి మూడు తేదీలనూ కలిపేస్తే, ఆ తర్వాత అన్నీ ఒకే ప్రయాణంలో తెచ్చుకోవచ్చు. అలా కలపడానికయ్యే ఖర్చు బీమా కంపెనీయే భరించాలని రాష్ట్రంలో చట్టం కూడా ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, కంపెనీ కాదంది. వెర్నా అప్పీలు చేసింది. కాదన్నారు. మళ్లీ చేసింది. చివరికి ఫోనులో వాదన వింటామని మంగళవారం పొద్దున్నకు సమయమిచ్చారు. ఈవారం చెప్పుకునేది ఆ మంగళవారం సంగతి.

ఆ పొద్దున గాలి లేదు, అదొక్కటే దయ. కానీ సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ కావడంతో రేవులో పడవలు ఎక్కడో కిందికి దిగిపోయి ఉన్నాయి. అక్కడి నుంచి గట్టుకు వేసిన వాలు వంతెన నిచ్చెనలా నిలబడింది. వెర్నా ముందు ఎక్కి వెనక్కి చూసింది. ఎల్‌వుడ్ సగంలో ఆగి, పక్కనున్న కమ్మీ పట్టుకుని, కింద పడవల వంక చూస్తున్నాడు.

“ఆ ఆకుపచ్చ పడవ ఎవరిదోయ్, కొత్తగా రంగేయించినట్టున్నారు?” అన్నాడు.

ఆ పడవ ఏళ్ల తరబడి ఆ రంగులోనే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“ఎవరిదో,” అంది వెర్నా, మొగుడికి ఊపిరి అందేదాకా తనూ ఆ పడవనే చూస్తూ.

రెండేళ్ల కిందటిదాకా ఇదే మనిషి భుజాన లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోను వేసుకుని, ఈలేసుకుంటూ ఈ వంతెన ఎక్కేవాడు. తర్వాత గుండెపోటు వచ్చింది. వచ్చింది వచ్చినట్టే పోయిందిగానీ, మనిషిలో సగం బలాన్ని వెంట తీసుకుపోయింది. ఇప్పుడు బోనులు వేసేదీ తీసేదీ వెర్నాయే. ఎల్‌వుడ్ ఒడ్డున కూర్చుని తాళ్లు బాగుచేస్తాడు, ఆమె వేసిన ముళ్లకు వంకలు పెడతాడు.

మాత్రలతో ఇక లాభం లేదని బ్యాంగర్‌ నగరంలోని గుండె డాక్టరు పోయిన నెలే తేల్చి చెప్పాడు. మోతాదు పెంచి చూశాడు, ఇంకా పెంచి చూశాడు, అయినా గుండె మాట వినడం లేదు. ఛాతీలో చర్మం కింద అగ్గిపెట్టెంత యంత్రం పెట్టాలన్నాడు. గుండె లయ తప్పినప్పుడు అదే షాక్ కొట్టి దారిలో పెడుతుందట. అది లేకుండా ఎల్‌వుడ్ ఈ చలికాలం దాటుతాడని తను మాటివ్వలేనన్నాడు. ఆపరేషన్‌కు తేదీ కూడా వేశాడు. బీమా కంపెనీ అనుమతి ఒక్కటే రావాలి. అది రేపో మాపో వచ్చేస్తుందన్న ధీమాతో వెర్నా ఆ విషయం పక్కనబెట్టింది. ఆమె మంటంతా సీసాల మీదే.

మందుల షాపు లోవెల్ పింక్‌హమ్‌ది. వాళ్లమ్మా వెర్నా ఒకప్పుడు సార్డీన్ ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి కత్తెర్లతో చేపల తలలు కోసినవాళ్లు. ఆ వరసన అతనికి వెర్నా పిన్ని, ఎల్‌వుడ్ బాబాయ్. కంపెనీకి ఆ నాలుగు మాత్రల కోసం మొదట అర్జీ పెట్టిందీ అతనే, ‘ఇంకా సమయం కాలేదు’ అని కంప్యూటరు తిప్పికొడితే మళ్లీ మళ్లీ పెట్టిందీ అతనే. టీకాలు వేసే చిన్న గదిలో ఇద్దరికీ కుర్చీలు వేసి, బల్ల మీద ఫోను పెట్టి, అందరికీ వినపడేలా మీట నొక్కాడు.

ముందు పియానో వినిపించింది. నడుమ నడుమ ఒక తియ్యటి ఆడగొంతు, మీ ఆరోగ్యమే మాకు అన్నిటికంటే ముఖ్యం అని చెప్పి మళ్లీ పియానోకు దారిచ్చింది.

“అంత ముఖ్యమైతే ఫోనెత్తొచ్చుగా,” అన్నాడు ఎల్‌వుడ్.

“నువ్వు నోరెత్తకు ముసలోడా. అడిగినప్పుడు పేరు చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటా.”

“నలభై ఏళ్లనుంచీ అదేగా జరుగుతున్నది. లోవెల్, మీ పిన్ని గొంతు వింటే రేవులో సీల్‌ జంతువులు కూడా భయపడి మునిగిపోతాయి. ఆ ఫోను కాస్త దూరంగా జరుపు, పగిలిపోగలదు.”

లోవెల్ నవ్వబోయి ఆగాడు. పియానో ఆగింది.

“గుడ్ మార్నింగ్. నా పేరు క్రోనిన్, అప్పీళ్ల విభాగం. మా డాక్టరు గారు కూడా లైన్లో ఉన్నారు, అవసరమైతే మాట్లాడతారు. ఈ సంభాషణ రికార్డవుతుంది. మిసెస్ లర్వీ, మీరు మీవారి తరఫున మాట్లాడొచ్చు. కానీ బీమా సభ్యుడు ఆయన కాబట్టి ఏ నిర్ణయానికైనా ఆఖరి మాట ఆయనదే. సరేనా సర్?”

“సరే,” అన్నాడు ఎల్‌వుడ్.

క్రోనిన్ అన్న ఆవిడ గొంతులో కోపం లేదు, విసుగు లేదు. వెర్నా పోట్లాటకు సిద్ధపడి వచ్చింది. అవతల మనిషి కసిరితే తనూ కసరొచ్చు. ఇంత మెత్తగా మాట్లాడే మనిషిని ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తోచలేదు. అయినా దారిపొడుగునా పడవలో వల్లె వేసుకున్నదంతా చెప్పింది. ఏ సీసా ఎప్పుడు అయిపోతుందో, ఒక్కో దానికోసం సముద్రం ఎలా దాటాలో చెప్పింది. పోయిన ఫిబ్రవరిలో ఒంట్లో నీరు తీసే మాత్రల కోసమని వచ్చి వెనక్కి పోతుంటే దారిలో ఇంజను ఆగిపోవడం, పడవ రాళ్ల వైపు కొట్టుకుపోవడం, మీద పడిన నీళ్లు పడ్డట్టే గడ్డకట్టడం చెప్పింది. ఇంకో పడవవాడు చూసి తాడు విసరబట్టి బతికానని కూడా చెప్పింది. చెప్పాక తన మీద తనకే కోపం వచ్చింది. జాలి కోసం వచ్చినట్టుంది ఆ మాట. జాలి ఎవడిక్కావాలి? చట్టంలో ఉన్నది ఇమ్మని అడగడానికి వచ్చింది తను.

“విని చాలా బాధపడుతున్నాం మేడమ్,” అంది క్రోనిన్. “మా పోస్టు పథకం ఉంది కదా. మందులు ఇంటికే పంపుతాం.”

“దీవికి పోస్టు వచ్చేదీ పడవ మీదే తల్లీ. గాలి లేస్తే అదీ రాదు. పైగా మీ పోస్టు పథకంలో మూడు మందులూ మూడు పొట్లాలుగా, మూడు తేదీల్లో వస్తాయి. ఓసారి పంపించారు. తడిసి ముద్దయి వచ్చింది. తిరిగి పంపితే ‘ఇప్పుడే ఇచ్చాం కదా, ఇంకో నెల ఆగండి’ అన్నారు. అదీ రికార్డయ్యే ఉంటుంది, వెతుక్కో.”

“అర్థమైంది. అయితే మేడమ్, తేదీలు కలిపే చట్టం మాకూ తెలుసు. మోతాదు నిలకడగా ఉన్న మందులకే మేం దాన్ని వర్తింపజేస్తాం. మీవారి మోతాదు ఈ ఏడాది చాలాసార్లు మారింది.”

“మార్చింది ఎవరు, నేనా? మీరు ఒప్పుకున్న డాక్టరే మార్చాడు. ఆయనకు తగ్గక మార్చాడు. జబ్బు ముదిరినవాడికి మోతాదు మారకపోతే ఎవరికి మారుతుంది? ఆరోగ్యంగా ఉన్నవాడికైతే తేదీలు కలుపుతారు, రోగం ఎక్కువైనవాడికి కలపరు, ఇంతేనా మీ లెక్క?”

“నేను అలా అనలేదు మేడమ్.”

“అనలేదు. చేశారు.”

లోవెల్ తల దించుకుని పెదాలు బిగించాడు. ఎల్‌వుడ్ గోడ మీది టీకాల బొమ్మ వంక చూస్తున్నాడు. వెర్నాకు కొంచెం బలం వచ్చింది. పట్టు దొరికిందనిపించింది.

“ఇంకొక్క ప్రశ్న,” అంది క్రోనిన్. “మీవారు మందులన్నీ డాక్టరు చెప్పినట్టే వేసుకుంటున్నారా?”

“ఒక్క మాత్ర తప్పలేదు. రోజూ పొద్దున కాఫీతో వేసుకుంటాడు. మాత్రల డబ్బా ఖాళీ అవడం నా కళ్లతో చూస్తా. ఎక్కడ కావాలంటే అక్కడ ప్రమాణం చేస్తా.”

అటువైపు ఏవో మీటలు నొక్కిన చప్పుడు.

“మేడమ్, గుండె బలానికి ఇచ్చే మాత్ర ఉంది కదా. పోయిన నెల సీసా అయిపోవలసిన రోజు తర్వాత దాదాపు రెండు వారాలకు మీరు కొత్తది తీసుకున్నారు. అంతకుముందు నెలా ఆలస్యమే. నీరు తీసే మాత్రా అంతే. వసంతకాలం నుంచీ ఇదే వరస. రోజూ వేసుకుంటే సీసా అన్నాళ్లు రాదు.”

“అబద్ధం,” అంది వెర్నా.

“తేదీలు మీ షాపు నుంచి వచ్చినవే మేడమ్.”

“అబద్ధం అంటున్నా. సీసాలో మాత్రలుండగా మీరు ఇవ్వరు, అయిపోయాక వస్తే ఆలస్యమంటారు. ఎటు తిప్పినా మాదే తప్పు. లోవెల్, చెప్పవేం?”

లోవెల్ గది బయటికి వెళ్లి కంప్యూటరు చూసి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

“తేదీలు అవే పిన్నీ,” అన్నాడు. “గాలి బాగోక ఆలస్యమైందనుకున్నా నేను. నువ్వెప్పుడొస్తే అప్పుడు ఇచ్చేసేవాణ్ని. అడగాలని తట్టలేదు.”

వెర్నా మొగుడి వైపు తిరిగింది. ఎల్‌వుడ్ ఇంకా ఆ బొమ్మనే చూస్తున్నాడు. నలభై ఏళ్లలో ఈ మనిషి ఎన్నిసార్లు ఇలా గోడ వంక చూశాడో, ఒక్కోసారీ దాని వెనక ఏముందో ఆమెకు కంఠతా వచ్చు.

“ఎల్‌వుడ్. నా వంక చూడు.”

చూశాడు.

“వేసుకోవడం లేదా?”

“వేసుకుంటున్నా. కాకపోతే...” గొంతు సవరించుకున్నాడు. “సమంగా వచ్చేట్టు వేసుకుంటున్నా.”

“సమంగా అంటే?”

“మూడు సీసాలూ ఒక్కరోజే అయిపోయేట్టు. ముందు అయిపోయేవి రోజు విడిచి రోజు. చివరిదాకా వచ్చేది రోజూ. అలా లాక్కొస్తే అన్నీ ఒకచోట కలుస్తాయి, నువ్వు ఒక్కసారి వస్తే సరిపోతుంది. మన బోటులో ఒక ట్యాంకులో నూనె ఎక్కువా ఇంకోదాంట్లో తక్కువా ఉంటే సరిచేయమా ఏంటి. అలాగే.”

“డబ్బా ఖాళీ అయ్యేది కదా. నేను చూశా.”

“నువ్వు బోనులు తీయడానికి వెళ్లాక మళ్లీ సీసాలో వేసేవాణ్ని. సీసా అయిపోయిందని నేను చెబితేనేగా నువ్వు బయల్దేరేది.”

ఎల్‌వుడ్‌ ఎవరూ అడగకుండానే చెప్పుకుపోయాడు.

“ఓసారి కలిశాయి కూడా, ఏప్రిల్‌లో. అమ్మయ్య అనుకున్నా. ఇంతలో డాక్టరు చూసి ఒంట్లో నీరు పెరిగిందని మోతాదు మార్చాడు. కొత్త మోతాదు, కొత్త సీసా, కొత్త తేదీ. మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ లాక్కొచ్చా. ఇంక కలుస్తాయనగా మళ్లీ మార్చాడు. ఆ మనిషికి నిలకడ లేదు.”

వెర్నాకు అప్పుడు అర్థమైంది, అంతా ఒక్కసారిగా. మాత్రలు మానేశాడు గనక ఒంట్లో నీరు చేరింది. నీరు చేరింది గనక డాక్టరు మోతాదు మార్చాడు. మోతాదు మారింది గనక తేదీలు కలపం అన్నారు. తేదీలు కలపలేదు గనక ఇతను మాత్రలు మానేశాడు. వసంతం నుంచీ ఈ గానుగలో తిరిగాడు మొగుడు. తను పక్కనే ఉండి, కాఫీ పోసి, డబ్బా ఖాళీ అయిందని మురిసిపోయింది. మందు పనిచేయడం లేదని డాక్టరు అన్నప్పుడు తనూ తలూపింది. పనిచేయకపోవడమేంటి, లోపలికి పోతేగా పనిచేయడానికి.

“నీకు బుద్ధుందా?” అంది. గొంతు లేవలేదు. “నీ గుండె ఆగిపోతే అప్పుడు నేను ఏ సీసా కోసం రావాలి? నన్ను కాపాడుతున్నానని నువ్వు చచ్చిపోతావా?”

“ఫిబ్రవరిలో నువ్వు ఇంటికొచ్చావే, ఆ రోజు,” అన్నాడు ఎల్‌వుడ్. “కనుబొమల మీద మంచు. చేతి తొడుగు ఊడి రాలేదు, కత్తిరించా. నువ్వేమో జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టి, ఇదిగో తెచ్చా, వేసుకో అన్నావు. గొంతు దిగలేదు వెర్నా. ఆ మాత్ర నాకు గొంతు దిగలేదు. ఇంకేం చెప్పను.”

కొట్టాలనిపించింది వెర్నాకు. పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేక అతని చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఇంతమందిలో ఇంత ప్రేమ బయటపెట్టినందుకు అతని మీద ఇంకా కోపం వచ్చింది.

“మిస్టర్ లర్వీ,” అంది ఫోను. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ మనిషి అక్కడుందనే మర్చిపోయారు. “అంటే మీరు తెలిసే, మీ ఇష్టంతోనే, మాత్రలు మానేశారన్నమాట.”

“బాబాయ్, ఆగు,” అన్నాడు లోవెల్ గబుక్కున.

“అవును,” అన్నాడు ఎల్‌వుడ్. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. చేతనైన ఒకే ఒక్క అబద్ధం ఇప్పుడే బయటపడిపోయింది. “నేనే మానేశా. ఈవిడకేం తెలీదు. ఈవిడ మీద పెట్టకండి.”

“థ్యాంక్యూ సర్. ఒక్క క్షణం లైన్లో ఉంటారా.”

మళ్లీ పియానో. మీ ఆరోగ్యమే మాకు అన్నిటికంటే ముఖ్యం.

లోవెల్ కణతలు నొక్కుకుంటూ కుర్చీ కోసం చూశాడు. గదిలో ఇంకో కుర్చీ లేదు. “ఆ మాట అనకుండా ఉండాల్సింది,” అన్నాడు.

“నిజమేగా,” అన్నాడు ఎల్‌వుడ్.

“నిజమే. అందుకే.”

ఎందుకని వెర్నా అడగబోయేలోపే పియానో ఆగింది. ఈసారి క్రోనిన్ గొంతులో చిన్న హుషారు ఉంది. పుట్టినరోజు కానుక తెచ్చినవాళ్ల గొంతులా ఉంది.

“శుభవార్త మేడమ్. మా డాక్టరు గారితో మాట్లాడాను. మీ అప్పీలు ఒప్పుకుంటున్నాం. ఈ రోజే మూడు మందుల తేదీలూ కలిపేస్తాం. అందుకు కావలసిన విడి మాత్రల ఖర్చు మాదే. ఇకమీదట అన్నీ ఒకే రోజు తీసుకెళ్లొచ్చు.”

ఏడాది పోట్లాట. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గెలిచానని అనుకుంది వెర్నా.

“ఇంకొక విషయం కూడా ఉంది. మీవారి గుండెకు యంత్రం పెట్టడానికి అనుమతి అడిగారు కదా, ఆ ఫైలూ మా దగ్గరే ఉంది. దానికి మా నిబంధన ఒకటి. మూడు నెలలపాటు మందులన్నీ క్రమం తప్పకుండా వాడి, అయినా గుండె కోలుకోకపోతేనే యంత్రం. ఇప్పటిదాకా వాడారనుకున్నాం. ఇప్పుడు మిస్టర్ లర్వీ గారే వాడలేదన్నారు. అంటే ఆ మూడు నెలలు ఇవాళ్టి నుంచి మొదలవుతాయి.”

“మూడు నెలలా?” అంది వెర్నా.

“అవును మేడమ్. నిజానికి మందులతోనే కోలుకోవచ్చేమో కదా. ఆయనకే మంచిది.”

“ఈ చలికాలం దాటడని డాక్టరు చెప్పాడు. మీ కాగితాల్లో లేదా అది?”

“ఉంది మేడమ్. ఆ మాట చెప్పినప్పుడు ఆయనకూ మాత్రల సంగతి తెలియదు.”

“అయితే ఆయన్ని అడుగు. ఇప్పుడే ఫోన్ చేసి అడుగు. ఇన్ని నెలలు పాడైన గుండె మూడు నెలల మాత్రలతో బాగుపడుతుందా, అప్పటిదాకా ఆగుతుందా అని ఆయన్ని అడుగు. లైన్లో మీ డాక్టరున్నాడన్నావుగా. నోరు లేదా ఆయనకు? ఎల్‌వుడ్‌ని ఎప్పుడైనా చూశాడా? వంతెన ఎక్కుతుంటే చూశాడా?”

లైన్లో ఉన్న డాక్టరు మాట్లాడలేదు. ఉన్నాడో లేడో కూడా తెలియలేదు.

“మేడమ్, మీకు సాయం చేయాలనే చూస్తున్నాం. రెండు దారులున్నాయి. ఒకటి, యంత్రం కోసం పెట్టిన అర్జీని మీవారే వెనక్కి తీసుకుంటారు. అప్పుడు ఫైలులో ఎలాంటి మచ్చా ఉండదు, మూడు నెలలయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు, మందుల తేదీలు ఇవాళే కలిసిపోతాయి. రెండోది, అర్జీ అలాగే ఉంచుతారు. అప్పుడు మందులు సరిగ్గా వాడని రోగి అని రాసి, రెండు ఫైళ్లూ పైకి పరిశీలనకు పంపాలి. అక్కడి నుంచి జవాబు వచ్చేదాకా మందుల తేదీలు కలపడం కూడా ఆగుతుంది.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడిందని కూడా అనడం లేదు, మీరే పీకి ఇవ్వండి అంటున్నారు. వెర్నా లేచి నిలబడింది.

“నేను చెప్పేది కూడా రికార్డు చేసుకో తల్లీ. ఇతను మాత్రలు మానేసింది మీరు కాదన్నందుకు. చట్టంలో ఉన్నదాన్ని మేం మొదటిసారి అడిగినప్పుడే మీరు ఇచ్చుంటే, ఇవాళ ఇతని ఒంట్లో మందుండేది, నీ మూడు నెలలు ఎప్పుడో అయిపోయేవి. తప్పు చేసింది మీరు, మూడు నెలలు శిక్ష ఇతనికి. పైగా దాన్ని శుభవార్త అంటావా? నీకు ఇంట్లో ఎవరూ లేరా?”

“నేను నిబంధన చదువుతున్నాను మేడమ్, అంతే.” మొదటిసారి ఆ గొంతు కాస్త తడబడింది. వెంటనే సర్దుకుంది. “సభ్యుడు చెప్పాలి. మిస్టర్ లర్వీ, యంత్రం అర్జీ వెనక్కి తీసుకుంటారా, ఉంచుతారా?”

“ఉంచుతాం,” అంది వెర్నా.

“సభ్యుడే చెప్పాలి మేడమ్.”

వెర్నా ఎల్‌వుడ్ వంక చూసింది. అతను లెక్క వేసుకుంటున్నాడు. ఆ ముఖం ఆమెకు తెలుసు. తుపాను వస్తుందనగా ఎన్ని బోనులు తీసుకురావచ్చు, ఎన్ని సముద్రానికి వదిలేయాలి అని ఆలోచించేటప్పటి ముఖం. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఆ నెలల్లో ఆమె ఎన్నిసార్లు సముద్రం మీదికి పోవాలో అతను లెక్క వేస్తున్నాడు. తన గుండె సంగతి ఆ లెక్కలో లేదు.

“వద్దు,” అంది వెర్నా. “ఎల్‌వుడ్, వద్దు. నోరు మూసుకో.”

“నాకా యంత్రం వద్దండీ,” అన్నాడు ఎల్‌వుడ్ ఫోను వైపు వంగి, నెమ్మదిగా, ప్రతి మాటా స్పష్టంగా. “వెనక్కి తీసుకుంటున్నా. సీసాలు కలిపేయండి.”

వెర్నా ఫోను మీదికి వంగింది. “ఆయనకు మతి లేదు, ఆ మాట రాయొద్దు, విన్నావా, రాయొద్దు...”

“సభ్యుడి మాట రికార్డయింది. మనసు మార్చుకోవాలంటే రేపు ఆఫీసు మూసేలోపు సభ్యుడే స్వయంగా ఫోన్ చేయాలి. మీ అప్పీలు గెలిచారు మేడమ్, అభినందనలు. ఈ రోజు మా సేవ ఎలా ఉందో చెప్పడానికి లైన్లో ఉండగలరా?”

లోవెల్ చెయ్యి చాచి ఫోను కట్టేశాడు.

బయట కౌంటరు దగ్గర ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. కంప్యూటరు చిన్నగా మోగింది. లోవెల్ వెళ్లి చూసి వచ్చాడు. ఏడాదిగా అతను పంపినప్పుడల్లా తిరిగొచ్చిన అర్జీ, ఇప్పుడు పంపకుండానే పాసై వచ్చింది. అయిందన్నట్టు తల ఊపాడు.

ఎల్‌వుడ్ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కోటు గుండీలు పెట్టుకోసాగాడు. అతని ముఖంలో బాధ లేదు. పని ముగించిన మనిషిలా ఉన్నాడు, అదే వెర్నాకు ఒళ్లు మండించింది.

ఆమె వెళ్లి తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడింది.

“మనం ఇవాళ ఇంటికి పోవడం లేదు,” అంది. “రాత్రికి లోవెల్ ఇంట్లో పడుకుంటాం. రేపు పొద్దున వాళ్లు ఆఫీసు తెరవగానే నువ్వే ఫోన్ చేస్తావు. యంత్రం కావాలంటావు. ఆ మాట వెనక్కి తీసుకుంటావు. ఆ తర్వాత వాళ్లతో ఎక్కడిదాకా పోవాలో అక్కడిదాకా నేను పోతా.”

ఎల్‌వుడ్ ఆఖరి గుండీ పెట్టుకుని తలెత్తాడు. పెళ్లయిన నాటి నుంచి వెర్నా ఏం చెప్పినా, గొణిగీ సణిగీ వెక్కిరించీ అయినా, చివరికి సరేననే మనిషి.

“ఆ మాట వెనక్కి తీసుకోను వెర్నా,” అన్నాడు.